కాలేజీ పిల్లలు మా ఊరొచ్చారు

వానాకాలం. కలుపు తీసి ఇళ్ళకు వస్తున్నాం. బస్సు దిగి ఆరుగురు ఆడపిల్లలు ఊళ్ళోకి వచ్చారు. చేతుల్లో నోటు పుస్తకాలు. రచ్చబండ దగ్గర ఆగి, "ఇక్కడ రైతులు ఎవరండీ?" అని అడిగారు. మగవాళ్ళు లేచి ముందుకొచ్చారు. మేము పక్కనుంచి నడిచిపోయాం. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఎవరీ పిల్లలు? వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదివేవాళ్ళు. చివరి సంవత్సరంలో కొన్ని వారాలు పల్లెలో ఉండాలి. రైతుల దగ్గర పని నేర్చుకోవాలి. తమకు తెలిసింది చెప్పాలి. దానికీ మార్కులుంటాయట!

ఈ విశ్వవిద్యాలయం 1964లో మొదలైంది. 2014లో రాష్ట్రం రెండైంది. విశ్వవిద్యాలయాలూ రెండయ్యాయి. ఆంధ్రాలో ఉన్నదానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు. తెలంగాణలో ఉన్నదానికి ప్రొఫెసర్ జయశంకర్ పేరు. మనం వండే సాంబ మసూరి ఉంది కదా, ఆ వంగడం బాపట్లలో వీళ్ళు తయారుచేసిందే.

ఒకమ్మాయి మా ఇంట్లో దిగింది. నన్ను "అత్తా" అని పిలిచేది. స్నానాల నీళ్ళు పారేచోట మడి కట్టించింది. తోటకూర, గోంగూర చల్లించింది. గట్టున మునగకొమ్మ నాటించింది. మడి కట్టడం ఆమెకు రాదు, నేనే కట్టాను. ఎందుకు కట్టాలో మాత్రం ఆమె చెప్పింది. 2019-21 సర్వేలో మన దేశంలో 100 మంది ఆడవాళ్ళలో 57 మందికి రక్తం తక్కువని తేలిందట.

ఒకరోజు చేలో ఆ పిల్లే కళ్ళు తిరిగి కూలబడింది. ఏ.ఎన్.ఎం. అక్క వేలు గుచ్చి చూసింది. రక్తం 12 ఉండాలి. ఆమెకు 9 ఉంది.

"పొద్దున్న ఏం తింటావే?" అన్నాను.

"టీ తాగి క్లాసుకు పరుగెత్తుతాం అత్తా. హాస్టల్లో కూర బాగుండదు. ఊరగాయతో కానిచ్చేస్తాం."

ఊరికి చెప్పే పిల్ల తాను తినదు! నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. అయినా నేను మాత్రం? అందరూ తిన్నాక అడుగూ బొడుగూ తినేదాన్ని.

ఆ రోజునుంచి ఇద్దరం కలిసి కూర్చున్నాం. ఆకుకూర పప్పు, పైన నిమ్మకాయ. పులుపు ఉంటే కూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. అందుకని గంటసేపు టీ మానేశాం. కాని 9 ఉన్నప్పుడు కూర ఒక్కటే చాలదు. ఏ.ఎన్.ఎం. అక్క ఇచ్చిన ఇనుము మాత్రలు కూడా వేసుకుంది.

రాగి సంగటీ చేశాను. రాగులను కొన్నిచోట్ల చోళ్ళు అంటారు, తెలంగాణలో తైదలు అంటారు. వాటి గొప్ప ఎముకలకు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో 10 మించదు.

వెళ్ళేముందు తన పుస్తకం తెచ్చింది. 'రైతు సంతకం' అని ఉన్నచోట వేలు పెట్టి చూపింది. కూడబలుక్కుని చదివాను. నా పేరు రాశాను.

నెల తర్వాత ఫోన్ చేసింది. హాస్టల్ వెనక కుళాయి నీళ్ళు పారేచోట పిల్లలంతా కలిసి మడి కట్టారట. వారానికి రెండు రోజులు రాగిజావ కాయడానికి వార్డెన్ ఒప్పుకుందట.

"విత్తనాలు పంపు అత్తా" అంది.

పొట్లాలు కట్టాను. ఏది ఏదో తెలియాలి కదా, ఒక్కోదాని మీద పేరు రాశాను. తోటకూర. గోంగూర. బచ్చలి.

చెప్పండి:
మీ ఇంట్లో అందరికన్నా చివర తినేది ఎవరు?
మీ ఇంటి వాడుక నీళ్ళు ఎటు పోతున్నాయి?