గదిలోనే గ్రంథాలయం
(సొంత సర్వర్, ఇంటి నెట్‌వర్క్ – తొలి పాఠం)

మన హాస్టల్‌లో చదివి, ఇప్పుడు పోటీ పరీక్షల కోసం అశోక్‌నగర్‌లో ఒకే గదిలో ఉంటున్న నలుగురం మేము. పగలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, సాయంత్రం నారాయణగూడ వైపు నడక, రాత్రి గది. ఈ మూడు పేటల్లో మాలాగే చదువుకునేవాళ్లు వేలమంది ఉన్నారు. అందరి చేతిలోనూ ఫోను ఉంది, అందులో దాదాపు అవే పీడీఎఫ్‌లు ఉన్నాయి. ఒకే ఫైలును నలుగురూ నాలుగుసార్లు దించుకుంటారు. రోజువారీ డేటా అయిపోతే చదువు ఆగుతుంది. ఫోను పాడైతే నోట్సుతోపాటు కుల ధ్రువపత్రం, మార్కుల మెమోల స్కాన్ కాపీలు కూడా పోతాయి, అదీ దరఖాస్తుకు చివరి తేదీ ముందర.

మా నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ఫలానా పుస్తకం చదవమని చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. మనలాంటి వాళ్లకు సీనియర్ల నోట్సే ఆస్తి. ఆ ఆస్తి ప్రతి ఏడూ బ్యాచ్‌తోపాటే గేటు దాటి వెళ్లిపోతోంది. దాన్ని ఒకచోట నిలిపి ఉంచే చవకైన పద్ధతి ఒకటుంది. తమ్ముళ్లకు పనికొస్తుందని ఇక్కడ వరుసగా రాస్తున్నాం.

నెట్‌వర్క్ వేరు, ఇంటర్నెట్ వేరు

వైఫై అంటే ఇంటర్నెట్ అని చాలామంది అనుకుంటారు. రెండూ ఒకటి కావు. ఒక గదిలోని ఫోన్లు, కంప్యూటర్లు ఒక రౌటర్ ద్వారా ఒకదానితో ఒకటి కలిస్తే అది స్థానిక నెట్‌వర్క్. ఆ రౌటర్‌కు ఏదైనా కంపెనీ బయటి నుంచి లైను ఇస్తే లోపలివాళ్లకు ఇంటర్నెట్ కూడా అందుతుంది. బయటి లైను తెగినా, రీఛార్జి అయిపోయినా లోపలి నెట్‌వర్క్ ఆగదు. ఈ పాఠమంతా ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంది.

ఇక సర్వర్ అంటే అడిగినవాళ్లకు అడిగిన ఫైలు అందించే కంప్యూటర్, అంతే. 1990లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనా కేంద్రంలో తన బల్ల మీది కంప్యూటర్‌నే ప్రపంచపు తొలి వెబ్ సర్వర్‌గా నడిపారు. ఎవరైనా పొరపాటున ఆపేస్తారని, ఇది సర్వర్, ఆపవద్దు అని చీటీ రాసి దానికి అంటించారు. ఆ చీటీ అంటించదగ్గ పాత కంప్యూటర్ ఒకటి ఉంటే మనకూ చాలు.

రౌటర్ ఏం చేస్తుంది?

మన హాస్టల్‌నే ఉదాహరణగా తీసుకుందాం. కొత్తగా చేరిన విద్యార్థికి వార్డెన్ సార్ మంచం నంబరు ఇస్తారు. రౌటర్ కూడా కొత్తగా కలిసిన ప్రతి ఫోనుకూ ఒక ఐపీ నంబరు ఇస్తుంది. ఈ పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఆ నంబరు సాధారణంగా 192.168 తో మొదలవుతుంది.

అశోక్‌నగర్‌లో పక్కపక్క గదుల్లోనూ ఇవే నంబర్లు ఉంటాయి. మరి కలగాపులగం కావా? కావు. ప్రతి హాస్టల్‌లోనూ 5వ నంబరు గది ఉన్నా ఉత్తరాలు తారుమారు కావడం లేదు గదా! ఇవి లోపలి నంబర్లు. లోపలి వాడకానికి మాత్రమే కొన్ని వరుసలు విడిగా ఉంచాలనే నియమం 1996లో ఖరారైంది. పాత పద్ధతి ఐపీ నంబర్లు మొత్తం దాదాపు 429 కోట్లే. ప్రాంతాలవారీగా పంచే వాటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది.

బయటి ప్రపంచానికి మన ఇల్లంతా ఒకే చిరునామా. లోపలి నుంచి ఎవరు ఏం అడిగారో రౌటర్ రిజిస్టరులో రాసుకున్నట్టు గుర్తుంచుకుని, జవాబు రాగానే ఆ ఫోనుకే చేరుస్తుంది. దీని పేరు న్యాట్. బయటివాళ్లు పిలవకుండా లోపలికి రాలేకపోవడానికి కూడా ఇదొక కారణం.

కావలసిన సామాను

1. ఒక రౌటర్. ఎవరైనా వాడి పక్కన పెట్టింది ఉన్నా సరిపోతుంది.
2. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. స్క్రీను పగిలినది చవగ్గా దొరుకుతుంది. సెటప్ చేసేటప్పుడు మాత్రం వేరే మానిటర్ తగిలించాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళితే సెకండ్ హ్యాండ్‌వి చూడొచ్చు.
3. ఒక ల్యాన్ కేబుల్, ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్, బ్యాకప్ కోసం ఒక హార్డ్ డిస్క్.

డెస్క్‌టాప్ కంటే ల్యాప్‌టాప్ మేలు. బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినా ఆగదు (ఉబ్బిన బ్యాటరీ అయితే వెంటనే తీసేయాలి). పైగా కరెంటు తక్కువ తాగుతుంది. ఊరికే ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ 15 వాట్లు వాడుతుందనుకుందాం. 15 × 24 × 30 = 10,800, అంటే నెలకు 11 యూనిట్ల లోపే. 60 వాట్ల డెస్క్‌టాప్ అయితే 43 యూనిట్లు దాటుతుంది. ఓనరు సబ్ మీటరు పెట్టిన గదుల్లో ఈ లెక్క ముందే వేసుకోవాలి. 2012లో వచ్చిన రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఇంకా తక్కువ కరెంటుతో నడుస్తుంది గానీ, పాత ల్యాప్‌టాప్ దొరికితే కొత్తది కొనే పని లేదు.

మొదలుపెట్టే వరుస

మొదటి మెట్టు: రౌటర్ అడుగున చీటీ మీద దాని నంబరు, పాస్‌వర్డ్ ఉంటాయి. బ్రౌజర్‌లో ఆ నంబరు (ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1) కొట్టి లోపలికి వెళ్లి, ముందు పాస్‌వర్డ్ మార్చాలి. రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ2 గానీ, అంతకన్నా కొత్తది గానీ ఉండాలి. మా సందులో ఫోను తెరిస్తే ఇరవైకి పైగా వైఫై పేర్లు కనబడతాయి. ఇలాంటిచోట 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానెళ్లలో రద్దీ తక్కువున్నది ఎంచుకోవాలి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటి దూరం పోదు.

రెండో మెట్టు: ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లు వేరేచోట దాచుకుని, పెన్‌డ్రైవ్‌తో డెబియన్ లైనక్స్ ఎక్కించాలి. డిస్క్ మొత్తం చెరిగిపోతుందని గుర్తుంచుకోవాలి. డెబియన్ 1993 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు నడిపిస్తున్న ఉచిత సాఫ్ట్‌వేర్. మన హైదరాబాద్‌లోనూ 2005లో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేసింది. ఎక్కించేటప్పుడు ఎస్ఎస్‌హెచ్ సర్వర్ అన్న చోట టిక్ పెడితే, తర్వాత వేరే కంప్యూటర్ నుంచే దీన్ని నడపవచ్చు. మూత వేసినా నిద్రపోకుండా సెట్టింగ్ మార్చాలి.

మూడో మెట్టు: ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలపాలి. రౌటర్ సెట్టింగుల్లో దానికి ఒక నంబరు శాశ్వతంగా కేటాయించాలి. ఉదాహరణకు 192.168.1.10. మంచం నంబరు రోజూ మారితే మనిషిని వెతకడం కష్టం గదా!

నాలుగో మెట్టు: మొదటి పుస్తకం పెట్టాలి. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దాచి, ఇంటర్నెట్ లేకుండా చూపిస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా అందులో దొరుకుతుంది. లైబ్రరీలోనో, మిత్రుడి ఇంట్లోనో ఒక్కసారి దించుకుంటే చాలు. కివిక్స్‌కు 8080 పోర్టు ఇస్తే, గదిలోని ఏ ఫోనులోనైనా 192.168.1.10:8080 అని కొట్టగానే తెలుగు వికీపీడియా తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని ఫోను చెప్పి, తనంతట తాను మొబైల్ డేటాకు మారిపోతుంది. అప్పుడు పేజీ రాదు. అలాగే కలిసి ఉండమని ఫోనుకు చెప్పాలి, లేదా కాసేపు మొబైల్ డేటా ఆపాలి.

ఐదో మెట్టు: సాంబా అనే సాఫ్ట్‌వేర్‌తో ఉమ్మడి ఫోల్డరు తయారుచేయాలి. చరిత్ర, పాలిటీ, ఎకానమీ, పాత ప్రశ్నపత్రాలు అని విడివిడిగా సర్దుకోవాలి. అందరికీ చదివే హక్కు, ఒకరిద్దరికే మార్చే హక్కు ఇస్తే ఫైళ్లు చెదరవు. ధ్రువపత్రాలకు మాత్రం ఎవరి ఖాతా వారికి, ఎవరి పాస్‌వర్డ్ వారికి ఉండాలి.

మొదటి నెల ఇంతకు మించి వద్దు. ఇది నిలకడగా నడిచాక ఫొటోలు, ఫైళ్ల కోసం నెక్స్ట్‌క్లౌడ్, వీడియో పాఠాల కోసం జెల్లీఫిన్ నేర్చుకోవచ్చు.

జాగ్రత్తలు

* బయటి నుంచి కూడా చూడాలన్న ఆశతో రౌటర్‌లో పోర్టులు తెరవవద్దు. తెరిచిన తలుపును వెతికే ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో రాత్రింబగళ్లు తిరుగుతుంటాయి. పైగా కొన్ని కంపెనీలు చాలామంది కస్టమర్లకు కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తాయి. అక్కడ పోర్టు తెరిచినా ఫలితం ఉండదు. నిజంగా అవసరమైనప్పుడు వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ నేర్చుకుని వాడాలి.
* ఒకేచోట ఉన్న ఫైలు పోయే ఫైలే. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్లో లేదా వేరే ఇంట్లో. ఇది అందరూ పాటించే సూత్రం. నెలకోసారి బ్యాకప్ తెరిచి చూస్తేనే అది ఉన్నట్టు లెక్క.
* డెబియన్‌కు వచ్చే అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేయాలి.
* కోచింగ్ సెంటర్ల పుస్తకాలు స్కాన్ చేసి పంచడం చట్టానికి విరుద్ధం. మనం రాసుకున్న నోట్సు, కమిషన్లు విడుదల చేసిన పాత పేపర్లు, ఉచితంగా పంచుకోవచ్చని రాసి ఉన్నవి మాత్రమే పెట్టాలి.

హాస్టల్‌లో పెట్టాలంటే

ముందు వార్డెన్ సార్ అనుమతి తీసుకోవాలి. ఇంటర్నెట్ లేని బడుల కోసమే తయారైన కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాఠాలు, అభ్యాసాలు పెట్టుకోవచ్చు. ఒక మామూలు రౌటర్ మీద వందమంది ఒకేసారి వీడియోలు చూడలేరు. చదివే పేజీలైతే తరగతులవారీగా వంతులు వేసుకుని వాడుకోవచ్చు. ఒక నోట్‌బుక్ పెట్టి, ఏ రోజు ఏం మార్చామో రాయాలి. పాస్‌వర్డ్‌లు కవరులో పెట్టి సీలు వేసి ఆఫీసు బీరువాలో ఉంచాలి. ప్రతి ఏడూ వెళ్లిపోయే బ్యాచ్ ఇద్దరు తమ్ముళ్లకు నేర్పి వెళ్లాలి. మిషన్ పాడవడం కంటే, తెలిసినవాళ్లు చెప్పకుండా వెళ్లిపోవడమే ఇలాంటి పనులకు ఎక్కువ దెబ్బ.

1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైనప్పుడు దానికి సొంత భవనం లేదు. రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే పుస్తకాలు పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు గారి వంటి పెద్దలు దాని వెనుక నిలిచారు. ఇంట్లో పెట్టిన ఆ పుస్తకాలే నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయాలకు దారి చూపాయి. నాడు ఒక బీరువా, ఒక గది చేసిన పనిని ఇవాళ ఒక పాత ల్యాప్‌టాప్, ఒక రౌటర్ కొంతవరకు చేయగలవు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. మీ ఇంట్లో వాడని ల్యాప్‌టాప్ గానీ, రౌటర్ గానీ ఉంటే హాస్టల్‌కు ఇవ్వండి. దానికన్నా ముందు మీ నోట్సు ఇవ్వండి. తమ్ముళ్లు ఈ సెలవుల్లో మొదటి మెట్టుతో మొదలుపెట్టండి. సందేహం వస్తే మేం అశోక్‌నగర్‌లోనే ఉన్నాం, ఆదివారం ఎప్పుడైనా రండి. చూపిస్తాం.