పులుపును గుర్తించే జెల్



"స్కానింగులో ఆ ఇంజక్షను ఎందుకండీ?" అని అబిడ్స్, నాంపల్లి నుండి వచ్చే కుటుంబాలవారు మమ్మల్ని అడుగుతుంటారు. దానిని కాంట్రాస్ట్ మందు అంటారు. ఒకేలా కనిపించే భాగాలను అది చిత్రంలో విడివిడిగా చూపిస్తుంది. జబ్బున్న చోటే వెలిగే మందు కొరకు శాస్త్రవేత్తలు ఇప్పుడు కృషి చేస్తున్నారు. ఈ నెల పాఠం దాని గురించే.

పులుపు కొలత: పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా! పులుపు, క్షార గుణాలను బట్టి కొన్ని పదార్థాలు అలా మారతాయి. ఈ గుణాన్ని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు. 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ఈ కొలతను ప్రవేశపెట్టారు. 7 కంటె తగ్గితే పులుపు. మన రక్తం సుమారు 7.4 ఉంటుంది. కాన్సరు కణాలు లాక్టిక్ ఆమ్లం ఎక్కువగా వదులుతాయి కనుక అనేక గడ్డలలో కణాల చుట్టూ ఇది 7 కంటె దిగువకు వస్తుంది.

జెల్ చేసే పని: మొజంజాహీ మార్కెట్ దగ్గర ఫాలూదా తాగినప్పుడు సబ్జా గింజల చుట్టూ జిగురు పొర చూసే ఉంటారు. అది నీటిని పట్టి ఉంచే జెల్. పాలిమర్ అనే పొడవాటి అణువుల గొలుసులతో కూడా జెల్ చేయవచ్చు. రొయ్యల పెంకుల నుండి తీసే కైటోసాన్ అటువంటిదే. పులుపు తగిలితే దాని గొలుసులకు ఒకే రకపు విద్యుదావేశం వచ్చి, అవి ఒకదానినొకటి నెట్టుకుంటాయి. జెల్ ఉబ్బి నీరు లోపలికి చేరుతుంది.

ఎం.ఆర్.ఐ. ముఖ్యంగా చూసేది శరీరంలోని నీటినే. జెల్ నలుసులో గడోలినియం అనే లోహాన్ని ఉంచితే, నీరు దానిని చేరిన చోట చిత్రం ప్రకాశవంతమవుతుంది. అంటే పులుపున్న చోట వెలుగు, మిగతా చోట్ల మసక.

కష్టం ఎక్కడ?: రక్తానికీ గడ్డకూ మధ్య తేడా ఒక అంకె కూడా ఉండకపోవచ్చు. వాపు, చీము ఉన్న చోట కూడా పులుపు పెరుగుతుంది. పని ముగిశాక మందు శరీరం నుండి పూర్తిగా బయటకు పోవాలి. అందుచేత ఈ జెల్‌లు ఇంకా పరిశోధనశాలల్లోనే ఉన్నాయి.

గుర్తుంచుకోండి:
- చింతపండు తిన్నంత మాత్రాన రక్తం పుల్లబడదు. వంటసోడా నీళ్ళు కాన్సరుకు మందు కాదు. వాటిని నమ్మి చికిత్స ఆపవద్దు.
- మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో కొన్ని గడోలినియం మందుల వలన చర్మం గట్టిపడే జబ్బు రావచ్చని 2006లో వెల్లడైంది. కనుక కిడ్నీ జబ్బు, గర్భం, పాత అలర్జీ, వాడుతున్న షుగరు మాత్రలు, ఏదీ దాచకుండా స్కానింగుకు ముందే చెప్పండి.

ఎంత తెలివైన మందు వచ్చినా, మీరు చెప్పే ఆ నాలుగు మాటల అవసరం తీరిపోదు.