ఇంటి వంటలో రుచుల పరిశోధన

గ్రామ పంచాయతీ సభ్యుల బాధ్యతలు వీధి దీపములతోను, మంచినీటితోను, మురుగు కాలువలతోను ముగియవు. గ్రామములోని తల్లులు, బిడ్డలు ఏమి తినుచున్నారను విషయము కూడ గ్రామాభ్యుదయమునకు సంబంధించినదే. 2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, తెలంగాణలో ఆరు నెలలు మొదలు ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 70 మందికిని, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగాను రక్తహీనత కలదు.

ఆకుకూరలు తినుడు, చిరుధాన్యములు తినుడు అని చెప్పుట తేలిక. కాని రుచించని దానిని పిల్లలు నోట పెట్టరు. పళ్లెములో మిగిలిపోయిన కూర వలన ఎవరికిని రక్తము పట్టదు. కావున పుష్టినిచ్చు పదార్థములను రుచికరముగ చేయు ఉపాయమును ప్రతి గృహిణియు తన వంటింటనే పరిశోధించి తెలిసికొనవలెను. ఇందుకు ఖర్చు స్వల్పము.

రుచి ఎట్లు కలుగును?

ఉగాది పచ్చడిలో షడ్రుచులను కలిపి పెద్దలు మనకు ఏటేట ఒక పాఠము చెప్పుచునే ఉన్నారు. ఒక రుచి మరియొక రుచిని తగ్గించును, లేక హెచ్చించును. వేపపూత చేదును బెల్లము అణచును. పులుపు తగినంత ఉన్నచో ఉప్పు కొంత తగ్గినను లోటు తోచదు. పెద్దలకు రోజుకు 5 గ్రాములకు లోపుగ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది గనుక, ఈ కిటుకు రక్తపోటు గలవారికి మిగుల ఉపయోగకరము.

నాలుక గ్రహించునది కొంతయే. తక్కినది ముక్కు గ్రహించును. జలుబు చేసినప్పుడు అన్నము చప్పగ తోచుటకు కారణమిదియే. జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకుల సువాసన నూనెలో చక్కగ దిగును. అందుచేతనే పోపునకు అంతటి మహిమ.

మన చపాటా మిరప

ఏనుమాముల మార్కెట్టును చూచినవారికి వరంగల్లు మిరపను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. అందు చపాటా మిరప ప్రత్యేకమైనది. గుండ్రముగ, లావుగ, టమాటావలె నుండు ఈ కాయలో కారము తక్కువ, ఎఱుపు ఎక్కువ. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. కొన్న రంగుపొడులకు బదులు ఈ మిరపపొడిని వాడినచో వంటకు నిండైన రంగు వచ్చును. పిల్లలకు నోరు మండదు.

కారమంతయు గింజలలో నున్నదని పలువురు తలంతురు. నిజమునకు అది గింజలు అంటియుండు తెల్లని ఈనెలలో అధికము. దానిని తీసివేసిన కారము తగ్గును. మిరప కారము నీటిలో కరగదు కనుక నోరు మండినప్పుడు నీటికంటె పెరుగు, మజ్జిగ మేలు.

గిన్నప్పతో పరిశోధన

ఓవెన్ లేనిదే కాల్చిన వంటలు రావని తలపరాదు. మన గిన్నప్ప అట్టిదే. దీనినే సర్వపిండి, తపేల చెక్క అనియు అందురు. బియ్యపు పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లి, కరివేపాకు, కారము, ఉప్పు కలిపి, నూనె రాసిన గిన్నె లోపల పలుచగ ఒత్తి, వ్రేలితో రంధ్రములు చేసి, వానిలో నూనె వేసి, మూతపెట్టి సన్నని మంటపై కాల్చుదురు. అడుగు ఎఱ్ఱబడినప్పుడు పుట్టు కమ్మని వాసన, ఉడికించిన పిండికి రాదు. గిన్నెను చల్లార్చిన పిదపనే రెండవది ఒత్తవలెను.

పరిశోధన ఇట్లు చేయవచ్చును:

1. పిండిని మూడు భాగములు చేయవలెను. మొదటిది ఎప్పటివలె ఉండవలెను.

2. రెండవ భాగములో బియ్యపు పిండిలో నాలుగవ వంతు తీసి, జొన్నపిండి కలుపవలెను. జొన్నకు గోధుమవలె సాగు గుణము లేదు; వేడినీటితో కలిపిన ముద్ద బాగుగ అతుకును.

3. మూడవ భాగములో పిండిని మార్చక, సన్నగ తరిగిన మునగాకును గాని మెంతికూరను గాని కలుపవలెను.

4. ఏది ఏదియో చెప్పక ఇంటిల్లిపాదికిని రుచి చూపించి, మెచ్చినదానిని పుస్తకములో వ్రాసికొనవలెను.

ఒక్కొక్క భాగములో ఒక్క మార్పే చేయవలెను. ఒకేసారి రెండు మార్చినచో మంచిచెడులకు కారణము తెలియదు.

రాగులతోను ఇట్లే చేయవచ్చును. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము కలదు. బియ్యములో అది పదియైనను లేదు. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగ వేయించి విసరిన పిండికి తీపియు, సువాసనయు వచ్చును. అందలి ఇనుము దేహమునకు మరింతగ అందును.

కొన్ని జాగ్రత్తలు

ఆకుకూరలలోని ఇనుము పట్టుటకు సి విటమిను తోడ్పడును. అది నిమ్మ, ఉసిరికలలో సమృద్ధి, చింతపండులో స్వల్పము. వేడికి అది నశించును కనుక నిమ్మరసమును పొయ్యి దించిన పిదప పిండవలెను. భోజనమైన వెంటనే టీ త్రాగినచో ఇనుము సరిగ పట్టదు. ఆకుకూర, పప్పు త్వరగ ఉడుకుటకు వంటసోడా వేయరాదు. కొన్ని విటమినులు చెడును. బూజుపట్టిన పల్లీలను, మిరపకాయలను పారవేయవలెను. అందలి విషము వేయించినను పోదు. మసాలా దాని చేదును కప్పును గాని హానిని తొలగింపదు.

పంచాయతీ చేయదగినది

గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో పూట భోజనమిచ్చు ఆరోగ్యలక్ష్మి పథకము 2015 జనవరి 1న ప్రారంభమైనది. అట్టి భోజనము పూర్తిగ తినబడినప్పుడే సార్థకము. సభ్యులు నెలకొకసారి అంగన్‌వాడీకిని, బడికిని పోయి, పళ్లెములలో ఏ కూర మిగులుచున్నదో చూడవలెను. ఏల మిగిలినదో పిల్లలనే అడుగవలెను. గ్రామ ఆరోగ్య పోషకాహార దినమున మహిళా సంఘములచే పైన చెప్పిన పద్ధతిని చేయించి చూపవచ్చును. మెచ్చిన వంటల వివరములను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించిన ఊరందరికిని తెలియును. పెరటిలో మునగ, కరివేప, నిమ్మ మొక్కలు నాటించుట మరియొక పని.

వచ్చే నెల మీ గ్రామములో ఒక్క కూరతో ఈ పని ప్రారంభింపుడు. పళ్లెము ఖాళీయైన నాడు మీ పరిశోధన ఫలించినట్లు.