మారుపేరు

పాణిని వ్యాకరణంలో స్వరాలన్నింటికీ కలిపి 'అచ్' అని పేరు. 'అ' మొదలుకొని 'చ్' అనే గుర్తు వరకు ఉన్న స్వరాలన్నీ ఆ చిన్న పేరులో ఇమిడి ఉన్నాయి. వ్యంజనాలకు 'హల్' అని పేరు. తెలుగులోని అచ్చులు, హల్లులు అనే మాటలు వీటినుండి వచ్చినవే. పెద్ద వరుసకు బదులుగా చిన్న పేరు నిలవడం ఇందులోని సౌకర్యం.

కంప్యూటరులో కూడ ఇటువంటి సౌకర్యం ఉన్నది. కంప్యూటరు చేత పని చేయించడానికి తెరమీది బొమ్మలను నొక్కడం ఒక పద్ధతి. ఆజ్ఞను అక్షరాలలో టైపు చేయడం మరొక పద్ధతి. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. ఆ రోజులలో వాడిన టెలిటైపు యంత్రం సెకనుకు 10 అక్షరాలే అచ్చువేసేది. యూనిక్స్ ఆజ్ఞల పేర్లు కూడ పొట్టివి. ఫైళ్ల జాబితా చూపేది 'ఎల్‌ఎస్'. ఫైలును చెరిపివేసేది 'ఆర్‌ఎం'.

అయితే ఆజ్ఞకు వివరాలు చేర్చినకొద్దీ అది పెరుగుతుంది. ఫైళ్లను పరిమాణంతో సహా, కొత్తవి ముందు వచ్చేటట్లు చూడాలంటే 'ఎల్‌ఎస్ -ఎల్‌హెచ్‌టి' అని టైపు చేయాలి. రోజుకు పలుమార్లు ఇలా చేయడం విసుగు. 1970 దశకం చివర బర్క్‌లీలో బిల్ జాయ్ రూపొందించిన 'సీ షెల్'లో ఆజ్ఞకు మారుపేరు పెట్టుకొనే వీలు కలిగింది. నేడు లైనక్స్‌లో విరివిగా వాడే 'బాష్'లోను ఆ వీలున్నది.

బాష్‌లో పద్ధతి ఇది. మొదట 'ఏలియాస్' అని టైపు చేసి, ఖాళీ వదలి, కొత్త పేరు వ్రాయాలి. వెంటనే సమాన గుర్తు పెట్టి, పూర్తి ఆజ్ఞను ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి. సమాన గుర్తుకు ఇరువైపులా ఖాళీ ఉండరాదు. ఆ కిటికీ మూసివేస్తే మారుపేరు పోతుంది. అది నిలవాలంటే 'బాష్‌ఆర్‌సీ' అనే ఫైలులో ఆ పంక్తిని వ్రాసి ఉంచాలి.

ఇందులో ఒక ప్రమాదం లేకపోలేదు. 'ఆర్‌ఎం' సాధారణంగా అడగకుండానే ఫైళ్లను చెరిపివేస్తుంది. '-ఐ' చేరిస్తే ఒక్కొక్క ఫైలుకు ముందు అడుగుతుంది. ఒక విద్యార్థి 'ఆర్‌ఎం -ఐ' అనే ఆజ్ఞకు 'ఆర్‌ఎం' అనే పేరునే మారుపేరుగా పెట్టుకొన్నాడనుకొందాం. కొన్ని నెలలకు ఆ ప్రశ్నకు అలవాటుపడతాడు. ఒకనాడు వేరొక కంప్యూటరు ముందు కూర్చొని, 'అది అడుగుతుంది కదా' అనే ధీమాతో 'ఆర్‌ఎం' టైపు చేస్తాడు. అక్కడ ఆ మారుపేరు లేదు. ప్రశ్న రాదు. ఏడాది పాటు వ్రాసుకొన్న పాఠాలు క్షణంలో పోతాయి.

అందుచేత పాత ఆజ్ఞ పేరును మారుపేరుగా పెట్టరాదు. ఎక్కడా లేని కొత్త పేరు పెట్టుకొంటే, వేరొక కంప్యూటరు 'ఈ ఆజ్ఞ లేదు' అని మాత్రమే చెబుతుంది. నష్టం ఉండదు. అచ్చులేవో తెలిసినవానికే 'అచ్' అనే పేరు ఉపయోగపడుతుంది. పూర్తి ఆజ్ఞ తెలిసినవానికే మారుపేరు మేలుచేస్తుంది.

అర్థాలు
ఇమిడి : అణగి, లోపల చేరి
విరివిగా : ఎక్కువగా
ధీమా : నమ్మకం, నిబ్బరం

ప్రశ్నలు
1. 'అచ్' అనే పేరుకు, మారుపేరుకు గల పోలిక ఏమి?
2. మారుపేరు నిలిచి ఉండాలంటే ఏమి చేయాలి?
3. పాఠంలోని విద్యార్థి ఎక్కడ పొరబడ్డాడు? కొత్త పేరు పెట్టుకొని ఉంటే ఏమి జరిగేది?