చెరువు మనది, పని మనది

అక్కల్లారా! మీ ఊరి మంచినీటి చెరువును చూశారా? నీళ్లు కనపడవు. అంతా పచ్చని ఆకులే. అదే గుర్రపు డెక్క.

1967లో సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలారు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎన్నో చెరువులు ఆ నీటితోనే నిండుతాయి. ఆ నీళ్లే తాగుతాం.

డెక్క దక్షిణ అమెరికా మొక్క. రెండు వారాల్లో ఒకటి రెండవుతుంది. మిరప, పత్తి చేలకు వేసిన ఎరువు వాననీటితో చెరువులో చేరుతుంది. అదే డెక్కకు బలం. డెక్క కమ్మితే నీటికి గాలి, వెలుగు అందవు. నీరు కుళ్లుతుంది. చేపలు చస్తాయి. దోమలు పెరుగుతాయి.

ఏం చేయాలి? ఒక్కరి వల్ల కాదు. ఇంటికొకరు రావాలి. ఆడవాళ్లే కాదు, మగవాళ్లూ రావాలి. పూత రాకముందే వేళ్లతో సహా లాగాలి. గట్టు మీద వదలొద్దు. దూరంగా గుంటలో పేడతో కలిపి వేస్తే ఎరువవుతుంది. తాగే నీళ్లలో కలుపుమందు కొట్టొద్దు. గింజలు బురదలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అందుకే ఏటా తీయాలి.

మంచినీళ్లు ఇవ్వడం పంచాయతీ బాధ్యత. గ్రామసభలో లేచి అడగండి.

ఆలోచించండి: మీ చెరువులోకి ఏ నీళ్లు వస్తున్నాయి? డెక్క తీసే రోజు ఎప్పుడు పెట్టుకుందాం?