వ్యాపార మాంద్యము – పట్టణములలోని పనులు

కరవు సంవత్సరమెట్టిదో మన రైతు ఎరుగును. వాన లేక దిగుబడి తగ్గును. కాని ఉన్న కొద్ది సరకునకు మంచి ధర పలుకును. మాంద్యము అట్టిది కాదు. చేను పండును, కల్లము నిండును, కొనువాడు మాత్రము కానరాడు. ఆ దినములలోనే పట్టణమందున్న కుమారుని కొలువును ఊడును. ఈ రెండును వేర్వేరు కష్టములని పెక్కుమంది తలచుచున్నారు. ఒకని వ్యయమే వేరొకని ఆదాయము గావున రెండింటికిని మూలమొక్కటియే.

అయినను మాంద్యము అన్ని పట్టణములను సమముగ బాధింపదు. 1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల బజారు కూలిన పిమ్మట ధాన్యము, వేరుసెనగ, ప్రత్తి ధరలు మన దేశమున మిక్కిలి పడిపోయెను. అప్పుడు రంగూను రేవులో ఓడలకు సరకులెత్తు కూలీలు చాలవరకు తెలుగువారు. వారిని అచట కోరంగీలనెడివారు. 1930 మే నెలలో వారు కూలి హెచ్చింపుమని పని మానిరి. ఓడల కంపెనీలు బర్మీయులను పనిలోనికి దించెను. సమ్మె తీరి తెలుగువారిని తిరిగి పిలువగా, పని పోయిన బర్మీయులకును వారికిని మే 26న ఘోరమైన కొట్లాట జరిగి అనేకులు మడిసిరి. పని చాలినంత ఉన్న కాలమున ఈ ఇరువురును ఒకే రేవున జీవించినవారే.

అదే మాంద్యమున కోయంబత్తూరు కథ వేరు. ప్రత్తి చౌక, కూలి చౌక, పైకారా జలవిద్యుత్తు క్రొత్తగా వచ్చెను. సేద్యమున లాభము లేనందున భూస్వాముల ధనము యంత్రములవైపు మరలెను. ఆ దశాబ్దమున అచట నూలు మిల్లులు పెరిగెను. అనగా రైతునకు నష్టమైన ధరయే మిల్లు పనివానికి అన్నము పెట్టెను.

2008లో ఇది తలక్రిందైనది. ఆ సెప్టెంబరు 15న అమెరికాలో లేమాన్ బ్రదర్సు అను గొప్ప బ్యాంకు దివాలా తీసెను. అమెరికావారు చొక్కా కొనుట వాయిదా వేయగా తిరుప్పూరు కుట్టుపని తగ్గెను. వజ్రములు కొననందున సూరతులో సాన పట్టువారు ఇండ్లకు మరలిరి. అచట ఇండ్లు కట్టుట తగ్గగా చీమకుర్తి నల్లరాతికి బేరములు సన్నగిల్లెను. హైదరాబాదు సాఫ్ట్‌వేరు కంపెనీలు క్రొత్తవారిని చేర్చుకొనుట తగ్గించెను. ఆ సంవత్సరముననే ప్రభుత్వము పొడుగు పింజ ప్రత్తి మద్దతు ధరను క్వింటాలునకు 2,030 రూపాయల నుండి 3,000 రూపాయలకు పెంచెను. లోకమందు ధర పడుచుండగా వర్తకులు వెనుదీసిరి. భారత ప్రత్తి సంస్థ విస్తారముగ కొన్నది. మన రైతు నిలిచెను. కాని ప్రియమైన ప్రత్తి, చౌకయైన నూలు, ఈ రెంటి నడుమ మిల్లులు నలిగెను. మద్దతు ధర తప్పని నేననను. దాని భారము ఎవరిపై పడినదో మాత్రము రైతు తెలిసికొనవలెను. ఆ మిల్లులలోని పనివారును మన గ్రామములవారే.

మిరప సంగతి వేరు. ఎంత మాంద్యమైనను కూరలో కారము మానువారరుదు. దాని ధరను ప్రధానముగ నిర్ణయించునవి విస్తీర్ణము, శీతల గిడ్డంగులలోని నిలువ, విదేశపు కొనుగోళ్లు. 2017లో ధర కూలి, కేంద్రము క్వింటాలునకు 5,000 రూపాయల వంతున కొనుటకు పథకము ప్రకటించినది మాంద్యము వలన కాదు. క్రిందటి యేటి ధర జూచి అందరును మిరపయే వేసినందున. కావున మిరప ధర పడినప్పుడెల్ల లోకవ్యాపారమును నిందించుట పొరపాటు.

2020 మార్చి 25న దేశమంతయు మూతబడినప్పుడు తెగినది కొనుగోలు మాత్రమే కాదు, రాకపోకలును. గుంటూరు మిరప యార్డు మూతపడి హమాలీలకు దినకూలి పోయెను. కర్నూలు పడమటి గ్రామముల నుండి కాయ కోయుటకు కుటుంబములతో వచ్చినవారు ఇచటనే చిక్కుకొనిరి.

ఏ మాంద్యమునందైనను ముందుగ పని పోవునది దినకూలీకి, తరువాత కాంట్రాక్టువానికి, ఆ పిమ్మట క్రొత్తగ చేరినవానికి. విదేశపు కొనుగోలుపై ఆధారపడిన పరిశ్రమ త్వరగను, తిండి సరకుల వ్యాపారము ఆలస్యముగను దెబ్బతినును. సంఘములో దీర్ఘకాలపు అప్పు కోరు సభ్యుడు కుమారుని జీతమును ఆధారముగ చూపినచో, కార్యదర్శి జీతమెంత యని మాత్రమే అడిగి విడువరాదు. ఏ ఊరిలో, ఏ పనిలో, ఎన్ని యేండ్ల నుండి, ఆ కంపెనీ సరకు ఎవరికి అమ్ముచున్నది అని కూడ అడిగి దరఖాస్తుపై వ్రాసికొనవలెను. చేని ఆదాయము ప్రత్తి మీదను, కుమారుని జీతము నూలు మిల్లు మీదను ఉన్న ఇంటికి రెండాధారములు లేవు, ఒక్కటే కలదు. వాయిదాల మొత్తమును అందుకు తగినట్లు తగ్గించి నిర్ణయింపవలెను.