వెలుతురు నిలకడగా ఉండదమ్మా

చిరంజీవి లహరికి ఆశీస్సులు.

విశాఖలో వృక్షప్లవకాల మీద పరిశోధన మొదలుపెట్టావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. నువ్వు పంపిన ప్రణాళిక చదివాను. కల్చర్లన్నిటినీ ఒకే స్థిరమైన లైటు కింద పెంచుతానన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను.

సముద్రంలో అలాంటి వెలుతురు ఎక్కడుంది తల్లీ? మబ్బు పట్టి విడిస్తేనే నిమిషాల్లో మారిపోతుంది. గాలి పైనీటిని చిలికితే లోతున ఉన్న కణం ఎండలోకి తేలుతుంది, మళ్లీ మునుగుతుంది.

వృక్షప్లవకాల్లో ఒక రకమైన డయాటమ్‌నే తీసుకో. మసక వెలుతురులో అది క్లోరోఫిల్ పెంచుకుంటుంది. అందుకు గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అంతలో పైకి వచ్చిపడితే, తాను వాడుకోగలిగిన దానికి మించిన వెలుగు మీద పడుతుంది. అప్పుడు డయాడినోజాంథిన్ అనే వర్ణకాన్ని నిమిషాల్లో డయాటోజాంథిన్‌గా మార్చుకుని, అదనపు శక్తిని వేడిగా వదిలేస్తుంది. కిందికి దిగాక ఆ రక్షణ సడలడం ఆలస్యమైతే, కావలసిన వెలుగు కూడా కొంత వృథా.

ఆ వెలుగుతో పట్టిన కార్బన్ అంతా పెరుగుదలకే పోదు. కొంత క్రైసోలామినరిన్ అనే నిల్వ పదార్థంగా దాచుకుంటుంది, కొంత శ్వాసకు ఖర్చవుతుంది, కొంత కరిగిన పదార్థంగా నీళ్లలో కలిసిపోతుంది.

అందుకే క్లోరోఫిల్ చూసి కార్బన్ లెక్క కట్టకు. బంగాళాఖాతంలో నదుల మంచినీరు పైన పొరలా పరుచుకుని, కింది పోషకాలను పైకి రానివ్వదు. క్లోరోఫిల్ శిఖరం తరచు పదుల మీటర్ల లోతున కనిపిస్తుంది. అక్కడ కణాలే ఎక్కువున్నాయని అనుకోవద్దు. ఒక్కో కణంలో క్లోరోఫిల్ ఎక్కువై ఉండొచ్చు.

కణాలు పట్టే కార్బన్‌ను కొలవడానికి 1952లో స్టీమన్ నీల్సన్ ప్రచురించిన కార్బన్-14 పద్ధతి మనకు పెద్ద ఆధారమే. కానీ ఒకే లోతున వేలాడదీసిన సీసాలో కణం ఆ లోతు వెలుతురునే చూస్తుంది. కనీసం ఒక వరుస సీసాలకైనా వెలుతురు హెచ్చుతగ్గులయ్యేలా ఏర్పాటు చెయ్యి. రోజు మొత్తం మీద పడే మోతాదు మాత్రం రెండు వరుసలకూ సమానంగా ఉంచు, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేవు. పడవ మీద తోడిన నీటిని ఎండలో వదలకు, వెంటనే నల్లగుడ్డ కప్పు.

భూమ్మీద ఏటా కిరణజన్య సంయోగక్రియ స్థిరపరిచే కార్బన్‌లో దాదాపు సగం సముద్రంలోని ఈ కంటికానని జీవాలదే. ఇంత పెద్ద లెక్కలోకి చేరే అంకె నీది. మీ గైడ్‌తో మాట్లాడి, కల్చర్లు మొదలుపెట్టకముందే నాకు జవాబు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న